నీడతోట మొక్కలు (ఉత్తరాంధ్ర)

చెట్ల కింద నీడకు ఓర్చి, ఏటా మళ్లీ చిగురించే మెత్తని కాండపు మొక్కలు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి మండలాలున్న ఉద్దానం వీటికి అనువైన చోటు.

మొక్కను ఎంచేముందు చూడాల్సింది నీడ ఎంత చిక్కనిదన్నదే. ఎదిగిన కొబ్బరి మట్టల సందుల్లోంచి ఎండ చెదురుమదురుగా దిగుతుంది. అక్కడ పసుపు, అల్లం, కంద బాగా వస్తాయి. పనస కింద, విజయనగరం వైపు ముదురు మామిడితోటల్లో వెలుతురు తక్కువ, అక్కడ దుంప ఊరదు.

వీటిలో కంద అందం వేరు. తొలకరికి దుంపలోంచి మచ్చల కాడ ఒక్కటే లేచి, కొసన గొడుగులా విచ్చుకుంటుంది. కాండంలా కనిపించే ఆ కాడ నిజానికి ఆకు తొడిమే. పైన ఎండిపోయినా దుంప మట్టిలో బతికే ఉంటుంది.

నీరు నిలిచే పల్లానికి చేమ తగినది. పసుపు, అల్లం దుంపలు అక్కడ కుళ్లిపోతాయి. ఉద్దానపు ఇసుక నేల తేమను పట్టి ఉంచదు, కాబట్టి గత్తం వేసి, ఎండుటాకులు కప్పడం తప్పనిసరి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరితోటలను కూల్చి, ఆ నీడనూ తీసుకుపోయింది. కొత్త కొబ్బరి ఎదిగేదాకా తాత్కాలిక నీడకు అరటి వేసుకోవడం మేలు.