రంగుటద్దమూ, కరక్కాయ గుడ్డా

ఆ మధ్య ఒక సాయంత్రం శ్రీ సిటీ దగ్గర బస్సు కోసం నిలబడవలసి వచ్చింది. 2008లో మొదలైన ఆ పారిశ్రామిక నగరం నుండి, మెడలో కార్డులు వేసుకున్న యువతీయువకులు షిఫ్టు ముగించుకొని వస్తున్నారు. టీ బంకు పక్కన ఏ కార్డూ లేని కుర్రవాళ్ళిద్దరు కూర్చుని ఉన్నారు. వీధినపడ్డ పిల్లలకు రంగుటద్దాల పని నేర్పి దారికి తేవచ్చునన్న ఆలోచనను అంతకు ముందే ఎక్కడో చదివి ఉన్నాను. మన తెలుగునేల మీద ఇటువంటిది జరిగిందా అన్న ప్రశ్న నాతోపాటే బస్సెక్కింది.

రంగుటద్దాలనగానే మనకు మెదక్ చర్చి గుర్తుకు వస్తుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దానిని కరువు రోజులలో, ఆకలిగొన్న జనానికి పని చూపి తిండి పెట్టే ఉద్దేశంతో కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపకల్పన చేసిన మూడు గవాక్షాలు 1927, 1947, 1958 సంవత్సరాలలో అమరాయి. ఎండ తగిలినపుడు క్రీస్తు కథ వెలిగే ఆ అద్దాలు అద్భుతమే. అయితే రాళ్ళు మోసినది మనవాళ్ళు, అద్దాలు వచ్చినది ఇంగ్లండు నుండి. కూలి కడుపు నింపింది గాని, అద్దం కోసి సీసపు పట్టీలతో బిగించే విద్య మెదక్ పిల్లల చేతికి రాలేదు. పోస్నెట్ దయను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, లెక్క చెబుతున్నాను.

వీధిపిల్లలకు చేతిపని నేర్పే సంప్రదాయం వేరొక దారిన వచ్చింది. ఇటలీలోని టూరిన్ నగరంలో డాన్ బాస్కో 1853లో చెప్పులు, బట్టలు కుట్టే పనిశాలలు పెట్టాడు. ఆయన పేరిట నడిచే సలేషియన్ సభవారు 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ ఆరంభించారు. రైలుస్టేషనులో తిరిగే పిల్లలే వారికి మొదటి శిష్యులు.

మా సీమలో రంగుటద్దానికి సాటి రాగలది శ్రీకాళహస్తి కలంకారీ. అక్కడ అద్దం, ఇక్కడ గుడ్డ. రెండూ అక్షరం రానివారికి పురాణం చెప్పినవే. పైగా మన గుడ్డ మీద బొమ్మల కింద తెలుగులో కథాసందర్భం కూడా రాస్తారు. తెలుగు పండితుణ్ణి గనుక నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఈ విద్య అంతరించిపోయే దశలో, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పని తొందర పడేవాడికి లొంగదు. ముతక గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు సిరాను అలుక్కుపోనీయదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో తొలిగీత. ఇనుపముక్కలు, బెల్లం వారాల తరబడి పులిస్తే వచ్చే కసిం కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. వెదురుకలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో ఒత్తినకొద్దీ గీత సాగుతుంది. పటిక రాసినచోటనే ఎరుపు నిలుస్తుంది. మధ్యమధ్య స్వర్ణముఖి పారే నీటిలో జాడించాలి, ఇసుక మీద ఆరవేయాలి. ఒక్క చుక్క జారితే చెరపడానికి లేదు. కుదురులేని కుర్రవాడిని ఇంత సేపు కూర్చోబెట్టగల పంతులు మాలో ఎవరున్నారు?

నా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. తండ్రి లేడు. నోటుపుస్తకం అంచుల నిండా గుర్రాలు గీసేవాడు. పాఠం వినడం లేదని రెండుసార్లు బెత్తంతో కొట్టాను. నెల రోజులు రాకపోయేసరికి హాజరుపట్టీలో పేరు కొట్టివేశాను. రేణిగుంటలో రైళ్ళు తుడుస్తూ కనిపించాడని తరువాత ఎవరో చెప్పారు. శ్రీకాళహస్తి మా ఊరికి బస్సులో గంట ప్రయాణం. అక్కడ బొమ్మలు గీసేవారున్నారని నాకు అప్పటికే తెలుసు. వాడికి చెప్పలేదు. ఆ పుస్తకం చాలాకాలం నా బీరువాలోనే ఉండింది. చివరి పుటలో ఒక గుర్రానికి మూడు కాళ్ళే ఉన్నాయి.