వైన్ అరలకు చవక కలప

ఇళ్లలో వైన్ సీసాలను పడుకోబెట్టి నిల్వచేసే చెక్క చట్రాలను వైన్ అరలు అంటారు. కార్కు ఎండిపోకుండా సీసాను అడ్డంగా ఉంచుతారు. గదిలో 12–14 డిగ్రీల సెల్సియస్ చల్లదనం, 60–70 శాతం గాలి తేమ ఉండేలా చూస్తారు. వైన్‌కు మేలుచేసే ఈ తేమే చెక్కను ఉబ్బిస్తుంది, మరీ ఎక్కువైతే బూజు పట్టిస్తుంది. అందుకే కలప కొనేటప్పుడు ధరతో పాటు బలం, ఆరుదల, వాసన కూడా చూడాలి.

బరువు, కొలతలు

750 మి.లీ. నిండు సీసా సుమారు 1.2–1.5 కిలోలు తూగుతుంది. వంద సీసాలంటే 120 కిలోల పైమాటే. బోర్డో సీసా వ్యాసం దాదాపు 75 మి.మీ., షాంపేన్ సీసాది 90 మి.మీ. దరిదాపు. 95 మి.మీ. గడిలో రెండూ పడతాయి. అమెరికాలో 1×2 అంగుళాల పేరుతో అమ్మే బద్ద అసలు కొలత 19×38 మి.మీ. మాత్రమే. ఆరబెట్టి చిత్రిక పట్టాక మిగిలేది అంతే కాబట్టి లెక్క దానితోనే వేయాలి.

కలప రకాలు

కాలిఫోర్నియా తీరంలో పెరిగే రెడ్‌వుడ్ ఈ పనికి పేరుపొందింది. దాని చేవ త్వరగా పుచ్చదు, బంక కారదు, తేమకు పెద్దగా ఉబ్బదు. అయితే ఖరీదెక్కువ. పైన్ చవక, కోతకు సులువు. కానీ మెత్తన, ముడులు ఎక్కువ, కొన్ని పలకల్లో బంక ఉంటుంది. డగ్లస్ ఫర్ పైన్ కన్నా బలమైనది, నిలువు కాళ్లకు నప్పుతుంది. పాప్లర్‌కు వాసన తక్కువ, తడి తగిలితే మాత్రం పుచ్చుతుంది. దేవదారును పోలిన సెడార్ పుచ్చకపోయినా దాని ఘాటు వాసన మూసిన గదిలో నిలిచిపోతుంది. చెక్క పొట్టును అతికించి చేసిన పార్టికల్ బోర్డు తేమకు ఉబ్బి విడిపోతుంది.

మందుల ప్రమాదం

క్లోరోఫినాల్ మందు పట్టించిన కలపపై బూజు చేరితే టీసీఏ అనే పదార్థం పుడుతుంది. వైన్‌కు తడి అట్టపెట్టె కంపు పట్టించేది ఇదే. కార్కు కంపుకు ఇదే మూలమని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1982లో ప్రకటించారు. పాత ప్యాలెట్ల చెక్క ఉచితంగా దొరికినా, దానికి ఏ మందు పట్టించారో తెలియకపోతే వాడకూడదు.

ఎంపిక

బట్టీలో ఆరబెట్టిన కలపనే కొనాలి. బద్దను కంటి ఎత్తుకు పట్టుకుని అంచు వెంట చూస్తే వంకర, మెలి తెలుస్తాయి. చుట్టూ నల్లగీత ఉన్న ముడి ఎండాక ఊడిపోతుంది. 38 మి.మీ. బద్దలో 20 మి.మీ. ముడి ఉంటే సగం బలం పోయినట్టే. 60–70 శాతం గాలి తేమలో కలప తన లోపలి తేమ 11–13 శాతం దగ్గర కుదురుకుంటుంది. కాబట్టి కోసే ముందు బద్దలను కొన్ని రోజులు ఆ గదిలోనే ఉంచాలి.

తడి నేలను తాకే అడుగు బద్దలకు రెడ్‌వుడ్ చేవ, నిలువులకు డగ్లస్ ఫర్, మిగతా గడులకు ముడులు తక్కువగా ఉన్న పైన్ వాడితే ఖర్చు తగ్గుతుంది, అర ఏళ్ల తరబడి నిలుస్తుంది.