తంగేడుకు తుమ్మెదే తోడు

కామారెడ్డి: బతుకమ్మ పండుగ సమీపిస్తే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లోని బీడు భూములు, గుట్టల అంచులు, చెరువు గట్లు తంగేడు పూలతో పసుపువర్ణం దాలుస్తాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన ఈ పువ్వు కాయగా మారేందుకు ప్రధానంగా తోడ్పడేవి పట్టు పెట్టే తేనెటీగలు కావు. ఒంటరిగా జీవించే తుమ్మెదలే దానికి ఆధారం.

పట్టు లేదు.. రాణి లేదు

ప్రపంచంలో 20 వేలకు పైగా తేనెటీగ జాతులు ఉండగా, వాటిలో అత్యధికం ఒంటరి జీవులే. వీటికి పట్టు, రాణి, కూలి ఈగలు ఉండవు. ప్రతి ఆడ ఈగ తన గూడును తానే నిర్మించుకుంటుంది. పుప్పొడి, మకరందం కలిపిన ముద్దను చిన్న గదిలో ఉంచి, దానిపై గుడ్డు పెట్టి మూసివేస్తుంది. నల్ల తుమ్మెద ఎండుకొమ్మలను, పాత దూలాలను తొలిచి నివసిస్తుంది. నీలి చారల ఈగ మట్టిలో గూడు చేసుకుంటుంది. ఆకులు కత్తిరించే ఈగ ఆ ముక్కలతోనే గదులు కడుతుంది.

ఝుంకారంలోనే కిటుకు

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి కూడా కేసరాల కొనలోని సన్నని రంధ్రాల నుంచే వెలువడుతుంది. తుమ్మెద కేసరాలను గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను కంపింపజేస్తుంది. ఆ అదురుకు చిమ్మిన పుప్పొడి దాని ఒంటికి అంటుకుని, మరో పువ్వు కీలాగ్రానికి చేరుతుంది. పట్టు తేనెటీగలకు ఈ శక్తి లేదు. వాకుడు, వంగ, టమాటా పూలకూ ఈ ఝుంకారం మేలు చేస్తుంది. జిల్లేడు పరాగ సంపర్కంలోనూ నల్ల తుమ్మెదదే ప్రధాన పాత్ర.

కంది చేనుకూ మేలు

కంది పూలలో పరపరాగ సంపర్కానికి ఆకులు కత్తిరించే ఈగలు ఎంతో తోడ్పడతాయి. హైబ్రిడ్ కంది విత్తనోత్పత్తిలో పుప్పొడి లేని ఆడ వరుసలకు మగ వరుసల పుప్పొడిని చేరవేసేది కీటకాలే. అవి లేకుంటే కాయలు నిలవవు.

గట్టు కాలితే గూడూ పోతుంది

ఒంటరి తేనెటీగల్లో అధిక జాతులు నేలలోనే గూళ్లు చేస్తాయి. బీళ్లను చదును చేసినా, గట్లను తగలబెట్టినా గూళ్లు, వాటితో పాటు పూల మొక్కలు నశిస్తాయి. పూత దశలో పగటిపూట పురుగుమందు చల్లితే ఈగలు చనిపోతాయి. తప్పనిసరి అయితే సాయంత్రం, ఈగలు తిరగని వేళ పిచికారీ చేయాలి. పొలం అంచున కొంత నేలను దున్నకుండా, కొన్ని ఎండుకొమ్మలను నరకకుండా వదలాలి. బతుకమ్మకు తంగేడు కోసేటప్పుడు ప్రతి పొదలోనూ కొన్ని పూలను ఉంచాలి. అవి ఆ ఏడు తుమ్మెదకు ఆహారం, వచ్చే ఏళ్ల తంగేడుకు విత్తనం.