ప్రమాద శబ్దము - పనిచోట దౌర్జన్యము: యజమాని బాధ్యతను గూర్చిన చారిత్రక పరిశీలనము

ప్రమాద శబ్దము సంస్కృతమున ఏమరుపాటునకు పేరు. అమరకోశమునందు దీనికి అనవధానత పర్యాయముగా నీయబడినది. చేయవలసిన పనియందు మనసు నిలుపకుండుట, కాపాడవలసినదానిని కాపాడకుండుట ప్రమాదము. ఈ యర్థమున ప్రమాదమునకు కర్త యుండును. ఎవరు ఏమరిరను ప్రశ్న ఆ మాటలోనే యిమిడి యున్నది. తెలుగున నీ శబ్దము అపాయమను అర్థమును, ఆకస్మికముగా సంభవించిన కీడను అర్థమును కూడ పొందినది. హిందీవారు దుర్ఘటన యనియు, కన్నడ మరాఠీ భాషలవారు అపఘాతమనియు వ్యవహరించు దానిని మనము ప్రమాదమనుచున్నాము. రైలు ప్రమాదము, అగ్ని ప్రమాదము అనునపుడు కర్త మఱుగుపడి సంఘటనము మాత్రమే మిగులుచున్నది.

పనివారి నష్టపరిహార చట్టములో నీ శబ్దమే కీలకము. పనివలన, పని జరుగుచుండగా సంభవించిన ప్రమాదమున పనివాడు గాయపడినను మరణించినను యజమాని పరిహార మీయవలెనని ఆ చట్టము చెప్పును. యంత్రమున చేయి నలిగినచో అది ప్రమాదమనుటకు ఎవరును సందేహింపరు. కాని దొంగ కత్తితో పొడిచినచో? శిష్యులు గురువును కొట్టి చంపినచో? రోగి బంధువులు వైద్యునిపై చేయిచేసికొన్నచో? కొట్టినవాడు కొట్టవలెననియే కొట్టినాడు, అట్టిదానిని ప్రమాదమనవచ్చునా? అనినచో యజమాని యేల బాధ్యుడు కావలెను? ఈ ప్రశ్నలకు వివిధ కాలములందు లభించిన సమాధానములను ఇచట పరిశీలింపదలచితిమి. తెలుగున మఱుగుపడిన ఏమరుపాటను అర్థమునకే న్యాయశాస్త్రము చుట్టు తిరిగి మరల చేరుచున్నదని మా యభిప్రాయము.

ముందుగా మన ప్రాచీన గ్రంథములను చూతము. మనుస్మృతి అష్టమాధ్యాయమున అపరాధము చేసిన దాసుని, సేవకుని త్రాటితో గాని వెదురుబద్దతో గాని కొట్టవచ్చునని అనుమతి కలదు. వీపున కొట్టవలెనే కాని తలపై కొట్టరాదను నియమమును కలదు. ఇచట దెబ్బ యజమాని హక్కు. శాస్త్రము దాని మేరను మాత్రమే నిర్ణయించినది. కౌటిల్యుని దృష్టి కొంత భిన్నము. కుదువ పెట్టబడిన మనుష్యునిచేత శవమును, మలమూత్రములను, ఎంగిలిని ఎత్తించినను, అతనిని కొట్టించినను, అట్టి స్త్రీల మానమునకు భంగము కలిగించినను యజమాని తాను చెల్లించిన మూల్యమును కోల్పోవునని అర్థశాస్త్రము తృతీయాధికరణమున చెప్పబడినది. అనగా దౌర్జన్యము ధననష్టమునకు హేతువైనది.

పరుల వలన కలుగు హింస విషయమున కూడ అర్థశాస్త్రమున గమనింపదగిన యంశములు రెండున్నవి. తన సరకు విలువను తెలిపి గ్రామమున బస చేసిన వర్తకునకు రాత్రివేళ దోపిడి గాని హత్య గాని జరిగినచో గ్రామపెద్ద ఆ నష్టమును పూరింపవలెను. ఇది మొదటిది. నేరము చేసినవాడు వేఱు, కాపాడవలసినవాడు వేఱు, అయినను కాపాడవలసినవాడు బాధ్యుడు. రెండవది పంచమాధికరణమున రాజోద్యోగుల వేతనములను చెప్పుచోట కలదు. పనిలో మరణించినవారి భార్యాబిడ్డలు భక్తవేతనములను పొందవలెను. మరణము ఏ రీతిగా కలిగెనను విచారణ అచట లేదు. అయితే ఈ రెండవ నియమము రాజు యజమానిగా నున్నచోట చెప్పబడినదే. దానిని సామాన్య యజమానికి, కూలివానికి అన్వయించుట సాహసమగును.

యజమాని దెబ్బ హక్కుగానే నిలిచిన చోటులు ఆధునిక కాలమునను కలవు. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణము నుండి ట్రూరో యను ఓడ నేటాలులోని డర్బను రేవును చేరెను. ఒడంబడిక కూలీలుగా దానియందు వెళ్లినవారిలో తెలుగువారును ఉండిరి. ఆ పద్ధతిలో సామాన్య సేవకుడు చెప్పకుండ పని మానినచో అది సివిలు వ్యాజ్యము. ఒడంబడిక కూలీ మానినచో చెఱసాల. 1894లో బాలసుందర మను తమిళ కూలీ పండ్లు విరిగి, నెత్తురోడుచు గాంధీజీ యొద్దకు వచ్చిన సంగతి ఆత్మకథ చదివినవారికి తెలియును. యజమానిని శిక్షింపజేయుటకంటె బాలసుందరమును అతని చేతినుండి విడిపించుటయే గాంధీజీ ఆశించెను. ఒడంబడికను రద్దు చేయించుట గాని మఱియొక యజమానికి మార్పించుట గాని తప్ప వేఱు మార్గము లేదు. చివరకు కూలీ వేఱొక యజమానికి మార్పబడెను. కొట్టబడినవాడు తనంత తాను వెడలిపోజాలని చోట భద్రత యను మాటకు అర్థము లేదని ఈ సంఘటనము తెలుపుచున్నది.

ఇక ఇంగ్లండు న్యాయస్థానములకు వత్తము. అచట మొదట లభించిన సమాధానము నిరాశాజనకము. 1837లో ప్రీస్ట్లీ - ఫౌలరు వ్యాజ్యమున, అధికభారము మోపిన బండి విఱిగి తొడయెముక విఱిగిన మాంసపు వర్తకుని సేవకునకు జూరీ 100 పౌనుల పరిహారము విధింపగా ఉన్నత న్యాయస్థానము దానిని త్రోసివేసెను. సేవకుడు తన భద్రతను తానే యెఱుగగలవాడు, ఇష్టము లేనిచో పనిని నిరాకరింపవచ్చును అనునది అందలి తర్కము. నిరాకరించినచో తిండి యెట్లను ప్రశ్న అందు లేదు. యజమాని బండి విఱిగిననే పరిహారము లేనపుడు పరుని కత్తికి బాధ్యత యెక్కడిది?

1897లో ఆంగ్ల పార్లమెంటు ఈ తర్కమును చాలవఱకు విడిచెను. పనివలన, పనికాలమున సంభవించిన ప్రమాదమునకు యజమాని తప్పున్నను లేకున్నను పరిహార మీయవలెనని చట్టము చేసెను. 1906లో ఆ చట్టము ఇంకను విస్తరింపబడెను. ఇక వివాదమంతయు ప్రమాద శబ్దముపై పడినది. 1905లో చాలిస్ యను ఇంజను డ్రైవరు వ్యాజ్యము వచ్చెను. వంతెనపైనుండి బాలుడొకడు విసరిన ఱాయి తగిలి అతడు గాయపడెను. వంతెనల క్రిందుగా రైలు నడుపుట ఆ వృత్తియందలి పని; ఱాళ్లు పడుట అందలి అపాయము. కావున పరిహారము లభించెను.

ఐదేండ్లకు దీనికంటె గడ్డుప్రశ్న వచ్చెను. 1910 మార్చి 18వ తేదీన జాన్ నిస్బెట్ అను గుమాస్తా ఒక బొగ్గుగనిలోని పనివారి జీతములకై 370 పౌనులకు మించిన సొమ్మును సంచిలో పెట్టుకొని న్యూకాసిలునుండి రైలెక్కెను. దారిలో ఎవరో అతనిని కాల్చి చంపి సొమ్ము దోచిరి. హంతకుడని నిర్ణయింపబడిన డిక్‌మన్ ఆ ఆగస్టులో ఉరితీయబడెను. నేరవిచారణ అంతటితో ముగిసినది. కాని మృతుని భార్య పరిహారమును కోరెను. హత్య బుద్ధిపూర్వకమైనది కదా, ప్రమాద మెట్లగునని యజమానులు వాదించిరి. అప్పీలు న్యాయస్థానము చెప్పిన సమాధానము స్మరణీయము. చంపినవాని దృష్టితో చూచినచో అది సంకల్పితమే. చచ్చినవాని దృష్టితో చూచినచో అది అనుకొనని ఆపద. చట్టము పనివానికొఱకు చేయబడినది గనుక అతని దృష్టియే ప్రమాణము. సొమ్ము మోయువానికి దోపిడిభయము ఆ పనితోడనే వచ్చును.

ఈ సూత్రమునకు కఠినపరీక్ష ఐర్లండులో జరిగెను. ట్రిమ్ అను ఊరిలోని పాఠశాలయందు సహాయోపాధ్యాయుడు కెల్లీ కొందఱు బాలురు కూడబలుకుకొని చేసిన దాడిలో మరణించెను. అతని తల్లి పరిహారము కోరెను. 1914లో ప్రభుసభలోని ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆమె పక్షమునను, ముగ్గురు వ్యతిరేకముగను తీర్పు చెప్పిరి. వ్యతిరేకించినవారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ముందుగా ఆలోచించి చేసిన హత్యను లోకవ్యవహారమున నెవరును ప్రమాదమనరు. చట్టము లోకుల భాషలోనే వ్రాయబడినది గదా యని వారనిరి. అధికసంఖ్యాకులు మాత్రము నిస్బెట్ తీర్పునందలి దృష్టినే నిలిపిరి. బాలురను అదుపులో నుంచుట అతని పని. వారి కోపము ఆ పనినుండి పుట్టినది. ఒక్క మొగ్గుతో నిలిచిన ఈ తీర్పు లేకున్నచో పనిచోట జరుగు దౌర్జన్యము పరిహారపరిధికి వెలుపలనే యుండెడిదేమో.

ఆ పదబంధమే మన దేశమునకు 1923 నాటి చట్టముతో వచ్చినది. అది 1924 జూలై 1వ తేదీనుండి అమలు జరిగినది. 2020లో చేయబడి, 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతాస్మృతిలో ఆ చట్టము లీనమైనను ఆ మాటలు మాత్రము నిలిచియున్నవి. నిస్బెట్ తీర్పు మన సుప్రీంకోర్టునకు 2000లో మరల అక్కఱకు వచ్చెను. నాగాలాండులోని దిమాపురమున 1995లో ప్రయాణికులవలె ఎక్కినవారు ఒక ఆటోరిక్షా డ్రైవరును చంపి బండిని అపహరించిరి. రీతాదేవి వ్యాజ్యమని ప్రసిద్ధమైన ఆ తగవు మోటారు వాహన చట్టము క్రింద వచ్చినదైనను, న్యాయమూర్తులు పనివారి పరిహారచట్టపు తీర్పులనే ఆధారముగా గొనిరి. ఆ వ్యక్తినే చంపవలెనను ప్రధానోద్దేశముతో చేసిన హత్య కేవలహత్య. దోపిడి వంటి మఱియొక నేరమును సాధించుటకై చేసిన హత్య ప్రమాదరూపమైన హత్య అని వారు వింగడించిరి. డ్రైవరు భార్యకు పరిహారము లభించెను.

ఇంతవఱకు చెప్పిన చరిత్రయందు ఒక లోపము కలదు. ఈ తీర్పులన్నియు చావు తరువాతివి. నిస్బెట్ ఒంటరిగా నేల పంపబడెను? ఆటో డ్రైవరునకు రాత్రివేళ రక్షణ యేమి? ఈ ప్రశ్నలు పరిహార న్యాయస్థానమునకు అవసరము లేదు; తప్పున్నను లేకున్నను సొమ్ము చెల్లింపవలసినదే కదా. పనివారికి మేలు చేసిన ఈ సూత్రమే తప్పును విచారింపకుండ చేసినది. ప్రమాదము సంఘటనముగా నిలిచినది, ఏమరుపాటుగా గుర్తింపబడలేదు.

ఈ లోపమును పూరించుటకు దారిచూపినది 1997 ఆగస్టు 13వ తేదీ నాటి విశాఖ తీర్పు. రాజస్థాను ప్రభుత్వపు మహిళాభివృద్ధి పథకమున పనిచేయు ఒక గ్రామసేవిక బాల్యవివాహమును ఆపబూనినందులకు 1992లో సామూహిక అత్యాచారమునకు గుఱియయ్యెను. ఆమెను బాధించినవారు తోడి యుద్యోగులు కారు. ఆమె పనివలన కోపించిన గ్రామస్థులు. ట్రిమ్ ఉపాధ్యాయుని స్థితియే యిది. కాని సుప్రీంకోర్టు లైంగిక వేధింపు జరుగకుండ ముందే ఏర్పాట్లు చేయుట యజమాని కర్తవ్యమని శాసించెను. 2013లో వచ్చిన చట్టము 19వ విభాగమున యజమాని సురక్షితమైన పనిపరిస్థితిని కల్పింపవలెననియు, పనిచోటికి వచ్చిపోవు పరుల వలన రక్షణయు అందులో చేరుననియు స్పష్టముగా చెప్పినది. పరుని చేయి యజమాని బాధ్యతలోనికి చేర్పబడుట ఇచట మనము చూడవచ్చును.

ఈ చేరిక ఒక విషయమునకే పరిమితమై యున్నది. 2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వైద్యసేవకులపైనను వైద్యశాలలపైనను జరుగు దౌర్జన్యమును నివారించుటకై ప్రత్యేక చట్టము చేసెను. దాని దృష్టి కొట్టినవానిపై నున్నది; అతనికి చెఱసాల, జరిమానా, పాడుచేసిన వస్తువులకు పరిహారము. మంచిదే. కాని రాత్రివేళ ఎందఱు కావలివారుండవలెను, విశ్రాంతిగదికి తలుపు గడియ యున్నదా అను ప్రశ్నలు దండనచట్టమున ఇమడవు. 2024 ఆగస్టు 9వ తేదీన కలకత్తాలోని ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో రాత్రివిధిలో నున్న యువవైద్యురాలు అత్యాచారమునకు గుఱియై హతురాలగుటతో దేశమంతయు కలతచెందినది. హంతకుని శిక్షతోపాటు ఈ ప్రశ్నలును అప్పుడు వినవచ్చినవి. వైద్యుల భద్రతను గూర్చి సూచనలు చేయుటకై సుప్రీంకోర్టు జాతీయస్థాయి సంఘమును నియమించెను.

పై పరిశీలనవలన తేలిన సంగతి యిది. నేరము చేసినవానిని శిక్షించుట రాజ్యధర్మము. చచ్చినవాని కుటుంబమును ఆదుకొనుట పరిహారధర్మము. ఈ రెండింటికిని ముందు నిలువవలసినది కాపాడుధర్మము. గ్రామపెద్ద నష్టమును పూరింపవలెనని కౌటిల్యుడు చెప్పినది వర్తకుని రక్షణ అతని పని గనుకనే. సొమ్ము సంచిని ఒంటరివానిచేత పంపుట, కోపించిన జనము నడుమకు ఒంటరి స్త్రీని పంపుట, కావలి లేని వైద్యశాలలో రాత్రివిధి వేయుట ఆకస్మికములు కావు, ముందుగా ఎఱుగదగినవి. ఎఱుగదగినదానిని ఎఱుగకుండుటయే అనవధానత. పనిచోట జరిగిన దౌర్జన్యమును పత్రికలు ప్రమాదమని వ్రాయవు. హత్యయని, దాడియని వ్రాయును. అది సరియే. అయినను ఆ మాట ప్రాచీనార్థమున అట్టి సంఘటనలకు చక్కగా చెల్లును. హత్య హంతకునిది, ప్రమాదము కాపాడవలసినవానిది.