షరతు నేలకా, మనిషికా?

పుదుచ్చేరి పట్టణ పటాన్ని ముందు పరచుకుంటే మొదట కంటబడేది ఉత్తర దక్షిణాలుగా సాగే పెద్ద కాలువ. దానికి తూర్పున, సముద్రం వైపు, ఫ్రెంచివారి తెల్లపట్నం. పడమట దేశీయుల నల్లపట్నం. 1693లో పట్టణాన్ని గెలుచుకున్న డచ్చివారు గళ్ల వీధుల నమూనాను గీశారు. 1699లో తిరిగివచ్చిన ఫ్రెంచివారు దానినే కొనసాగించారు. నల్లపట్నంలో వీధులు కులాలుగా, వృత్తులుగా, మతాలుగా విడిపోయాయి. కోముట్టి వీధి అన్న పేరులో ఒకనాటి తెలుగు వర్తకుల జాడ నేటికీ వినిపిస్తుంది.

ఎవరు ఏ వీధిలో ఉండాలో నిర్ణయించడానికి ఆనాడు క్రయపత్రంలో షరతు రాయనక్కరలేకపోయింది. ఆచారమే దస్తావేజు.

1819 జనవరి 6 నాటి ఫ్రెంచి శాసనం ఈ కథలో కీలకం. అది ఫ్రాన్సు పౌరస్మృతిని పుదుచ్చేరికి తెచ్చింది. భారతీయులకు మాత్రం వారి వారి కులాచారాల ప్రకారమే తీర్పు చెప్పాలన్నది. ఆ పౌరస్మృతిలోని 686వ అధికరణం ఒక గొప్ప సూత్రం చెబుతుంది. స్థలంపై పెట్టే భారం మరొక స్థలం మేలు కోసమే ఉండాలి. ఏ వ్యక్తి మీదా, ఏ వ్యక్తి కోసమూ ఉండరాదు. ఒకే శాసనం ఒక చేత నేలను మనుషుల భేదాల నుంచి విడదీసింది, మరొక చేత మనుషులను కులానికి కట్టివేసింది.

1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన ఆచరణలో ముగిసింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. 1968లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం పుదుచ్చేరికి విస్తరించింది. దాని 10వ సెక్షన్ ఆస్తిని అసలే అమ్మరాదనే షరతును చెల్లదంటుంది. 11వ సెక్షన్ ప్రకారం, పూర్తి హక్కుతో అమ్మిన ఆస్తిని ఎలా అనుభవించాలో అమ్మినవాడు శాసించలేడు. తనకున్న మరొక స్థలం మేలు కోసమైతేనే మినహాయింపు. ఫ్రెంచి స్మృతి, ఆంగ్ల చట్టం వేరు వేరు దారుల్లో వచ్చినా దాదాపు ఒకే చోటికి చేరాయి.

ఈ సూత్రాన్ని దాటితే ఏమవుతుందో అమెరికా చూపింది. అక్కడ నల్లవారికి ఇల్లు అమ్మరాదని ఇరుగుపొరుగులు ఒప్పందాలు రాసుకొని రిజిస్టరు చేయించేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయినా వివక్ష ఆగలేదు. గృహాల అమ్మకాల్లో, అద్దెల్లో వర్ణవివక్షను నేరుగా నిషేధించే సమాఖ్య చట్టం రావడానికి మరో 20 ఏళ్లు పట్టింది. అదీ 1968లోనే.

మన దేశంలో ఆ షరతు సహకార సంఘం ద్వారం గుండా ప్రవేశించింది. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకోవడం చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంఘంలో చేరినవాడు దాని నియమావళికి బద్ధుడు. రాజ్యాంగంలోని సమానత్వ హామీలు ప్రధానంగా ప్రభుత్వాన్ని బంధించేవి. మార్పు కావాలంటే శాసనకర్తలే చేయాలి. ఇదీ తీర్పు సారం. సంఖ్యాబలం లేని సమాజం తన ఉనికిని కాపాడుకోవాలనుకోవడం అర్థం చేసుకోదగినదే. కానీ చిన్న సమాజానికి దొరికిన కవచం పెద్ద కులాల చేతిలో ప్రహరీగోడ అవుతుంది.

చట్టం పూర్తిగా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, అంటరానితనం పేరిట ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడాన్ని, కొనుక్కోవడాన్ని, అందులో నివసించడాన్ని అడ్డుకోవడం నేరమంటుంది. అయితే ‘శాకాహారులకు మాత్రమే’ అని రాసిన చోట అంటరానితనాన్ని రుజువు చేసేదెవరు? మతం పేరిట నిరాకరణకు ఆ చట్టంలో జవాబేదీ?

పరిష్కారానికి కొత్త తత్త్వం అక్కరలేదు. నివాసస్థలాలపై షరతు నేల గురించే ఉండాలి. కొనేవాడి కులం, మతం, జాతి గురించి ఉంటే అది క్రయపత్రంలో ఉన్నా, సంఘం నియమావళిలో ఉన్నా చెల్లదని ఒక్క వాక్యం చేర్చాలి. ఆస్తి బదలాయింపు ఉమ్మడి జాబితాలోనిది, సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోనివి. కాబట్టి ఢిల్లీ కదిలేదాకా అమరావతి, హైదరాబాదు, పుదుచ్చేరి శాసనసభలు ఎదురుచూడనక్కరలేదు.

షరతులన్నీ చెడ్డవి కావు. నల్లపట్నపు పాత ఇళ్ల ముందు అరుగులు, వాటి ముందు బాటసారికి నీడనిచ్చే వసారాలు వరుసగా సాగుతాయి. ఆ వరుసను చెడగొట్టవద్దనే షరతు వీధి మొత్తానికి మేలు. ఆ అరుగు మీద కూర్చునేది ఎవరన్నది మాత్రం దస్తావేజు అడగవలసిన ప్రశ్న కాదు.