ఏడో నంబరు రైలు, కిటికీ కింద రేడియేటరు

న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటూ మనవాళ్లెవరొచ్చినా, స్టేషన్ దూరం వాళ్లు లెక్కేసుకుంటారు. నేను మాత్రం కిటికీ కిందికి వంగి రేడియేటరు చూస్తాను. ఈ పేటలో రైలూ, వెచ్చదనమూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి మరి.

1909లో ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఇక్కడి పొలాలు కొనడం మొదలుపెట్టింది. 1913లో నగరం సబ్‌వే విస్తరణకు ఒప్పందాలు చేసుకుంది. 1917 ఏప్రిల్ 21న రూజ్‌వెల్ట్ అవెన్యూ మీదుగా ఎత్తు వంతెనపై ఇప్పటి ఏడో నంబరు రైలు నడిచింది. ఆ వెంటే తోటల చుట్టూ ఇటుక భవనాలు లేచాయి. అప్పట్లో యూదులకూ, నల్లవాళ్లకూ ఇక్కడ ఇల్లివ్వలేదు. ఆ అన్యాయాన్ని వదిలేసి ఈ పేట అందం గురించి చెప్పడం నాకు ఇష్టముండదు.

ఆ కాలపు భవనాల్లో నేలమాళిగలో ఒకే బాయిలరు, అందులో బొగ్గు. చాలాచోట్ల ఒకే గొట్టం: ఆవిరి పైకి వెళ్తుంది, రేడియేటరులో చల్లబడి నీరై అదే గొట్టంలో కిందికి జారుతుంది. రేడియేటరు వాల్వు వైపు కాస్త వాలి ఉండాలి. వాలు తప్పినా, వాల్వు సగమే తెరిచినా నీరు నిలిచిపోతుంది, ఆవిరి దాన్ని ఎగదోస్తుంది, అర్ధరాత్రి గొట్టాలు సుత్తితో కొట్టినట్టు మోగుతాయి. కొత్తగా వచ్చిన పిల్లలు భయపడి వాల్వును సగం తిప్పుతారు, మోత ఇంకా పెరుగుతుంది. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూసెయ్యాలి.

జనవరిలో కూడా ఉక్కపోసి కిటికీలు తెరవవలసి రావడానికీ చరిత్ర ఉంది. క్షయ, ఆపైన 1918 ఇన్‌ఫ్లుయెంజా వల్ల తాజా గాలి కోసం శీతాకాలంలోనూ కిటికీలు తెరిచి పడుకోమని వైద్యులు గట్టిగా చెప్పేవారు. కిటికీ తెరిచినా గది వెచ్చగా ఉండేలా ఇంజనీర్లు పెద్ద బాయిలర్లు పెట్టారు. ఆ భయం పోయింది, ఆ వేడి మిగిలింది.

బాయిలరు ఒకటే కాబట్టి వేడి ఖర్చు అద్దెలోనే కలిసిపోయింది. దాంతో మంట తగ్గించే అధికారం యజమాని చేతికొచ్చింది. 1917–18 శీతాకాలంలో బొగ్గు కరువై, 1918 జనవరిలో కేంద్ర ప్రభుత్వ ఇంధన అధికారి హ్యారీ గార్‌ఫీల్డ్ తూర్పు రాష్ట్రాల్లో కర్మాగారాలనే కొన్నాళ్లు మూయించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పెరిగిన అద్దెల మీద, చల్లబడ్డ గదుల మీద కిరాయిదారులు పోరాడారు. 1920లో రాష్ట్రం అద్దె చట్టాలు చేసింది.

1965 వలస చట్టం తర్వాత మనవాళ్లు రావడం పెరిగి, 74వ వీధి చీరల కొట్లు, నగల కొట్లతో నిండింది. వాళ్లను ఇక్కడికి చేర్చినవి కూడా ఆ రైలూ, ఆ పాత గదులే.

ఇప్పటి నగర చట్టం స్పష్టంగా ఉంది. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 ఫారెన్‌హీట్ కన్నా తక్కువుంటే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి బయట ఎంతున్నా లోపల 62 కన్నా తగ్గకూడదు. సంతకం పెట్టే ముందు పైఅంతస్తు వాళ్లనడిగి నిరుడు ఎలా ఉందో తెలుసుకోండి. తర్వాత గది చల్లబడితే మొహమాటపడి దుప్పట్లు కొనుక్కోకండి, నగరం వారి ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చెయ్యండి.