గాయం అనుకొని వెళ్లిన కణం

మూలకణం అనగానే శ్రీనగర్ కాలనీలో చాలామందికి గుర్తొచ్చేది బొడ్డుతాడు బ్యాంకు ప్రకటన. పుట్టిన బిడ్డ పేరు మీద దాచుకునే సొత్తు అది. అంత మంచి పేరున్న కణానికి ఎక్కడ చెడ్డరోజులు వచ్చాయో తెలియాలంటే పక్కనే ఉన్న కృష్ణానగర్ వైపు నడవాలి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్‌లు తెల్లారకుండానే కంపెనీ బండి కోసం నిలబడే చోటు అది. రాత్రి షూటింగులో నిద్ర ఆపుకోవడానికి దవడలో ఇంత గుట్కా పెట్టుకోవడం చాలామందికి అలవాటు. 2013లో ఉమ్మడి రాష్ట్రం గుట్కాను నిషేధించింది. పాన్ మసాలా ఒక పొట్లంగా, పొగాకు ఇంకో పొట్లంగా డబ్బా కొట్లకు తిరిగొచ్చాయి; కలుపుకునే శ్రమ కొన్నవాడిది. ఫిలింనగర్‌లో తయారయ్యే సినిమాలో ఎవరైనా పొగ తాగితే చాలు, బొమ్మ పడకముందు హెచ్చరిక వేయాలని చట్టం. ఆ హెచ్చరికల్లో కనిపించిన ముకేశ్ గుట్కా నమిలి, 24 ఏళ్లకే, 2009లో నోటి కేన్సర్‌తో పోయాడు. హాల్లో ఆ కాసేపూ మనం పాప్‌కార్న్ కోసం వెళ్లొస్తాం.

అన్నం తింటూ బుగ్గ కొరుక్కుంటే నాలుగు రోజుల్లో మానిపోతుంది, మచ్చ కూడా పెద్దగా మిగలదు. చర్మానికి లేని ఆ భాగ్యం నోటికి ఉంది. అందులో కొంత పుణ్యం చిగుళ్లలో, పంటి గుజ్జులో, బుగ్గ పైపొర కింద ఉండే మీసెన్‌కైమల్ మూలకణాలది. దెబ్బ తగిలిందన్న రసాయన కబురు అందగానే అవి బయల్దేరతాయి. కొత్త రక్తనాళాలు మొలిచేలా చూస్తాయి, వాపును చల్లారుస్తాయి. పని అయ్యాక ఎవరికీ కనపడకుండా సద్దుమణుగుతాయి.

గుట్కాలోని వక్క ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే ఆ పొర బిగుసుకుపోతుంది. మొదట కారం తగిలితే మంట. తర్వాత బుగ్గ లోపల తాళ్లలాంటి పట్టీలు. నోట్లో నిలువుగా పట్టాల్సిన మూడు వేళ్లు రెండవుతాయి, తర్వాత ఒకటి. అలాంటి నోళ్లలో కొన్నింట ఏదో ఒక పైపొర కణం కట్టు తప్పుతుంది.

కట్టు తప్పిన కణం ఒంటరిగా ఎక్కువ దూరం పోలేదు. కేన్సర్ గడ్డ అంటే మానని గాయమని 1986లో బోస్టన్ వైద్యుడు హెరాల్డ్ డ్వోరాక్ రాశాడు. నిజంగానే అది గాయంలా కబుర్లు పంపుతుంది, అవే రసాయనాలతో. మూలకణానికి తేడా తెలిసే దారి లేదు. అది వెళ్తుంది. అక్కడ టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ ప్రభావంలో దాని రూపు మారుతుంది, గడ్డకు కొమ్ముకాసే ఫైబ్రోబ్లాస్టుగా స్థిరపడుతుంది. గట్టి కొలాజెన్ పరుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 విడుదల చేసి కేన్సర్ కణాలకు బలం ఇస్తుంది. గడ్డకు నెత్తురు అందేలా నాళాలు రప్పిస్తుంది. శత్రువును చంపడానికి వచ్చిన టీ కణాలను మందగింపజేస్తుంది. వీటిలో దానికి కొత్త పని ఒక్కటీ లేదు. నాళాలు పెంచడం, వాపు చల్లార్చడం, దారి చేయడం, అన్నీ పాత విద్యలే. ఏ గుణాలకైతే దాన్ని మెచ్చుకున్నామో, ఆ గుణాలే అక్కడ పనికొచ్చాయి.

1977లో ‘దాన వీర శూర కర్ణ’ తీసి, కర్ణుడి వేషం తనే కట్టిన ఎన్టీఆర్ మన కళ్ల ముందుకొచ్చేది ఇక్కడే. అవమానం జరిగిన రోజున అంగరాజ్యం ఇచ్చిన చేతికి కట్టుబడిపోయినవాడు కర్ణుడు. పోలిక పూర్తిగా అతకదు. తానెవరి పక్షాన ఉన్నాడో కర్ణుడికి తెలుసు. ఈ కణానికి ఆ ఎరుక లేదు. పైగా దానిమీద సాక్ష్యం కూడా ఏకపక్షం కాదు: కొన్ని ప్రయోగాల్లో ఇవే మూలకణాలు కేన్సర్‌ను పెంచాయి, కొన్నింట అణిచాయి. ఏ కణజాలం నుంచి తీశారు, గడ్డ ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి తీర్పు మారుతోంది. ఆ ఎన్టీఆర్ భార్య బసవతారకం 1985లో కేన్సర్‌తోనే పోయారు. ఆమె పేరిట ఆయన తలపెట్టిన ఆస్పత్రి, ఆయన కూడా పోయాక, 2000 జూన్‌లో బంజారాహిల్స్‌లో తలుపులు తెరిచింది.

ఇలాంటి ఆస్పత్రుల్లో సర్జన్ గడ్డను మాత్రమే తీసి ఊరుకోడు. కంటికి మామూలుగా కనిపించే చుట్టుపక్కల కండను కూడా దాదాపు ఒక సెంటీమీటరు మేర కోస్తాడు. ఇరుగుపొరుగును నమ్మరాదని 1953లోనే అమెరికాలో స్లాటర్ బృందం నోటి కేన్సర్లను పరీక్షించి చెప్పింది; పక్కనున్న పైపొర కూడా అప్పటికే చెడి ఉంటోందని వాళ్లు చూశారు. మన శ్రీకాకుళం పల్లెల్లో అడ్డచుట్ట తాగిన ఆడవాళ్ల అంగిలి చూసినా అదే తెలిసేది. నిప్పు లోపలికి పెట్టుకోవడంతో అంగిలంతా తెల్లబారి, అక్కడక్కడ ఎర్రని చుక్కలు తేలేవి. 10,169 మంది గ్రామీణుల్లో ఈ మచ్చలను పరిశీలించిన అధ్యయనం 1971లో అచ్చయింది.

బుగ్గ పోయిన చోట ఛాతీ కండను చర్మంతో సహా తిప్పి తెచ్చి కుడతారు. మగవాళ్లలో ఆ చర్మం మీది వెంట్రుకలు నోటి లోపలే పెరుగుతాయి. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది కాబట్టి ఆ రెండేళ్లూ తరచూ రమ్మంటారు. వచ్చినప్పుడల్లా కుట్టిన చోటుతో పాటు రెండో బుగ్గనూ, నాలుక అడుగునూ, చిగుళ్లనూ టార్చి వేసి చూస్తారు.